పాత హెచ్‌ఎంటీ 2511కు కొత్త లైనర్లు వేయించిన అనుభవం

ఇంజన్ ఆయిల్ తెల్లబడి చిక్కబడడం, రేడియేటర్‌లో పోసిన నీళ్ళు బయట ఎక్కడా కారకుండానే తగ్గిపోవడం చూశాక, మా హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టర్ ఇంజన్ విప్పక తప్పలేదు. ఇది చెక్ కంపెనీ జెటార్ నమూనాలో వచ్చిన రెండు సిలిండర్ల ఇంజన్, బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 95 మిల్లీమీటర్లు. లైనరంటే సిలిండరులో పిస్టన్ ఆడే ఇనుప గొట్టం. దీనివి తడి లైనర్లు, అంటే లైనరు బయటి గోడను కూలింగ్ నీళ్ళు నేరుగా తాకుతుంటాయి. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీ 2016లో మూతపడినా లైనరు, పిస్టన్, రింగులు, పిన్ను కలిసిన సెట్టు నల్లగొండలో దొరికింది.

పాత లైనర్లను పుల్లర్‌తో పైకి లాగాక అసలు సంగతి బయటపడింది. ఒక లైనరుకు బయటివైపు, పిస్టన్ ఒత్తిడి పడే పక్కన, నిలువుగా ఒకే వరుసలో చీమ తలంత గుంటలున్నాయి. వాటిలో ఒకటి లోపలి దాకా తొలుచుకుపోయింది. పిస్టన్ తాకిడికి లైనరు అదురుతుంటే, దాన్ని ఆనుకున్న నీటిలో సన్నని బుడగలు పుట్టి పగులుతూ ఇనుమును కొద్దికొద్దిగా కొరికేస్తాయి. ఏళ్ళ తరబడి మేము పోసిన బోరు నీళ్ళ వల్ల బ్లాకు లోపల సున్నపు పొర గట్టిగా పేరుకుంది, నీళ్ళు కిందికి దిగకుండా లైనరు అడుగున ఆపే రబ్బరు రింగులు పెళుసెక్కి చేతిలోనే విరిగాయి.

కొత్త లైనర్లు ఆ రోజే దించేస్తారనుకున్నాను గానీ, మేస్త్రి వాటిని కాగితం విప్పకుండా పక్కన పెట్టించి, బ్లాకులో లైనరు మెడ ఆనే మెట్టును శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. "లైనరు కొత్తదే అన్నా, అది కూర్చునే చోటు పాతది కదా" అన్నాడు. మెట్టు మీద మడ్డి గీకి, సన్నని ఎమెరీ కాగితంతో తుడిచాక, రబ్బరు రింగులు లేకుండానే లైనర్లను దించి చూశాము. అలా దించినప్పుడు లైనరు చేతితోనే జారి కూర్చోవాలి, తిప్పితే తేలిగ్గా తిరగాలి.

ఆ పైన లైనరు బ్లాకు మట్టం కన్నా ఎంత ఎత్తులో ఉందో డయల్ గేజ్‌తో కొలిచాము. ఈ ఎత్తే, బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్‌ను నొక్కిపట్టి ఉంచుతుంది. ఇలాంటి ఇంజన్లలో సాధారణంగా అది 0.05 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, అసలు లెక్క మాత్రం ఆయా ఇంజన్ మాన్యువల్ చూసే తీసుకోవాలి. మొదటి సిలిండరు చుట్టూ 0.09 వచ్చింది. రెండోదానికి ఒక పక్క 0.08, ఎదురు పక్క 0.03 చూపించింది. లైనరును సగం తిప్పి మళ్ళీ కొలిచినా తగ్గు బ్లాకులో అదే చోట ఉండిపోయింది కాబట్టి, లోపం లైనరుది కాదు, తుప్పు తిన్న మెట్టుది. ఇక్కడ పేస్టు పూసి కానిచ్చేసేవాళ్ళను చూశాను, నాకది నచ్చదు. బ్లాకును లేత్ షాపుకు పంపి మెట్టును సమంగా కోయించి, కోసినంత మందం షిమ్, అంటే పలచని లోహపు రింగు, వేయించాము.

చివరి బిగింపుకు పెద్దగా సమయం పట్టలేదు. రబ్బరు రింగులు మెలిపడకుండా గాడిలో కూర్చోబెట్టి, సబ్బు నీళ్ళు రాసి, అరచేతులతో నిదానంగా నొక్కి, ఆఖరున చెక్క ముక్క పెట్టి తట్టాము. తర్వాత బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద, అడ్డంగానూ నిలువుగానూ కొలిచాము. రబ్బరు ఎక్కడైనా నలిగితే లైనరు కింది భాగం కోలగా నొక్కుకుపోతుంది. పిస్టన్లు ఎక్కించకముందే బ్లాకు నిండా నీళ్ళు నింపి రాత్రంతా ఉంచి, తెల్లవారి టార్చి వేసి కింది నుంచి చూస్తే చెమ్మ కూడా కనిపించలేదు. క్రాంకు తిప్పినప్పుడు లైనర్లు పైకి లేవకుండా పెద్ద వాషర్లు వేసి బోల్టులతో పట్టి ఉంచాము.

ఇంజన్ స్టార్టయి బాగా వేడెక్కి చల్లారాక హెడ్ నట్లు వరుస ప్రకారం మళ్ళీ బిగించాము. రేడియేటర్‌లో ఈసారి బోరు నీళ్ళు పోయలేదు, కూలెంట్ కలిపిన శుద్ధి నీళ్ళే పోశాము.