మా బోరు నీటి పరీక్ష: నా అనుభవం

నల్లగొండలో మా వీధి పైపులైను పగిలి, మరమ్మతు పేరిట నాలుగు రోజులు నల్లా రాలేదు. మూడో రోజు ఉదయం నేను ఎసరుకు బోరు నీళ్లు పోయబోతుంటే అమ్మ నా చేతిలోని గిన్నె లాక్కుంది. "బోరు నీళ్లు పొయ్యి మీదికి రావద్దు కొడకా, మా ఊర్ల చూసింది సాలదా?" అన్నది. అమ్మ పుట్టినిల్లు మర్రిగూడ వైపు. నడుము వంగి, నలభై ఏళ్లకే కట్టె పట్టుకున్న మేనమామను చిన్నప్పుడు నేనూ చూశాను. అయినా మరగబెడితే పోతుంది కదా అన్నాను. బోరు నీటిలో కరిగి ఉండి ఎముకలను వంచేసే ఫ్లోరైడ్ అనే లవణం మరగబెడితే పోదని, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుందని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఆ విషయం వెతుకుతుండగా ఫోన్‌లో ఒక లింకు కనబడింది. టాంజానియాలో ఇళ్లలోని బకెట్లలో పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించుకునే పద్ధతి గురించి అందులో ఉంది. ఆ పద్ధతి పేరు 'నల్గొండ టెక్నిక్'. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో దీన్ని రూపొందించిందట. ఇక్కడి మనుషుల ఎముకలు వంగినందుకు మా ఊరి పేరు అంత దూరం వెళ్లిందని చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. ఇన్నేళ్లుగా ఇదే ఊరిలో ఉంటూ మా బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో మేము ఒక్కసారీ కొలిపించలేదు.

ముందుగా ఒక ఫిల్టర్ల దుకాణంలో అడిగాను. అల్ట్రావయొలెట్ దీపం ఉన్న యంత్రం అన్నింటినీ తీసేస్తుందన్నారు. ఫ్లోరైడ్ పోతుందని బిల్లు మీద రాసివ్వమంటే మాట మార్చారు. ఆ దీపం క్రిములను చంపుతుందే తప్ప నీటిలో కరిగిన లవణాలను తీయదు.

తరువాత నీటి పరీక్షల ల్యాబ్‌కు ఫోన్ చేశాను. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తెమ్మన్నారు. మోటరును పది నిమిషాలు నడిపి, పైపులో నిలిచిన నీరు పోయాక, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి నింపాను. బోరు లోతు, తేదీ రాసి అంటించాను. ల్యాబ్‌లోని ఆమె ఓపికగా చూపించారు: నీటిలో ఒక ద్రావణం కలిపి, సన్నని కడ్డీలాంటి ఎలక్ట్రోడ్‌ను ముంచితే మీటరు మీద అంకె కాసేపు ఊగి, నిలిచింది. లెక్క కట్టి చెప్పింది లీటరుకు 2.6 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం 1.0 వరకు ఉండవచ్చు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. చూడటానికి ఆ నీళ్లు తేటగానే ఉన్నాయి, రుచిలోనూ ఏ తేడా లేదు. కంటికి కనబడని దాన్ని అమ్మ ఇన్నాళ్లూ గుర్తుంచుకుని కాపాడుతూ వచ్చింది.

పటిక పద్ధతిని ఇంట్లోనే చేయవచ్చా అని అడిగాను. పటిక ఎంత వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి మారుతుందని, లెక్క తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుందని, అడుగున తేరిన మడ్డిని కూడా జాగ్రత్తగా పారబోయాలని చెప్పారు. నల్లా వచ్చే ఇంటికి అంత తిప్పలు అక్కరలేదని ఆమె సలహా. నాకూ అదే సబబనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో తాగడానికి, వండడానికి నల్లా నీళ్లే. బోరు నీళ్లు గిన్నెలు తోమడానికి, బట్టలకు, చెట్లకు. నల్లా రాని రోజుల కోసం మూత ఉన్న రెండు డ్రమ్ములు కొన్నాము. పై అంతస్తులో అద్దెకుండే దంపతులకు రెండేళ్ల పాప ఉంది. పళ్లు, ఎముకలు ఏర్పడే వయసు కాబట్టి ల్యాబ్ ఇచ్చిన కాగితం తీసుకెళ్లి వాళ్లకు చూపించాను. అమ్మ ఆ సాయంత్రమే ఒక డ్రమ్మును పైకి పంపించింది. ఎండాకాలంలో నీటిమట్టం దిగినప్పుడు అంకె మారవచ్చునని ల్యాబ్‌లో చెప్పారు కాబట్టి, మే నెలలో నింపడానికి ఇంకో సీసా కడిగి అటక మీద పెట్టాను.