మా నాన్న ఊరంతా చెప్పుకున్న ప్లేస్‌మెంట్

2022 ఆగస్టులో వీసా వచ్చిన రోజు మా నాన్న ఎరువుల కొట్లో కూర్చుని, యూరియా బస్తా కోసం వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు, "మా అమ్మాయి లండన్ వెళ్తోంది, చదువుతో పాటే ప్లేస్‌మెంట్ కూడా ఇచ్చేశారు" అని. అందులో రెండు తప్పులున్నాయి. నేను వెళ్తున్నది లండన్‌కి కాదు, ఇంగ్లండ్ మధ్యలో ఉండే ఈస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఒక ఊరికి. రెండోది, ప్లేస్‌మెంట్ ఎవరూ ఇవ్వలేదు. ఈ రెండో సంగతి అప్పటికి నాక్కూడా సరిగ్గా తెలీదనుకోండి.

ఇంజినీరింగ్ కాలేజీల హోర్డింగులు చూసీ చూసీ మనకు ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగం అని బుర్రలో పడిపోయింది. కంపెనీ కాలేజీకొస్తుంది, టెస్టు పెడతారు, ఆఫర్ లెటర్ చేతిలో పెడతారు, ప్యాకేజీ ఎంతో మనకంటే ముందు పక్కింటివాళ్లకు తెలుస్తుంది. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం వేరు. కోర్సులో భాగంగా కొన్ని నెలలో ఒక ఏడాదో ఏదైనా సంస్థలో పనిచేసి, ఆ పని మీద రిపోర్టు రాసి, దానికి మార్కులు తెచ్చుకోవాలి. డిగ్రీలో అయితే దీన్ని సాండ్‌విచ్ కోర్సు అంటారు: రెండేళ్లు చదువు, మూడో ఏడు పని, నాలుగో ఏడు మళ్లీ చదువు. నాది మీడియా అండ్ కమ్యూనికేషన్‌లో మాస్టర్స్, మొదటి ఏడు క్లాసులు, రెండో ఏడు పని. ఆ పనిని వెతుక్కోవాల్సింది మనమే. విజయవాడలో మా కన్సల్టెన్సీ అతను "ప్లేస్‌మెంట్ ఇంక్లూడెడ్ మేడమ్" అన్నాడు, హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ ఇంక్లూడెడ్ అన్నట్టు. దొరక్కపోతే ఏడాది కోర్సులోకి మార్చేస్తారనీ, వీసా కూడా ఆ మేరకు కుదించుకుపోతుందనీ అక్కడికి వెళ్లిన మూడో వారం, ఒక ఓరియెంటేషన్ మీటింగులో, నూట యాభై మంది మధ్యలో కూర్చుని తెలుసుకున్నాను. మా బ్యాచ్‌లో ప్లేస్‌మెంట్ రూటు తీసుకున్నవాళ్లం పదకొండు మందిమి. చివరికి దొరికింది నలుగురికి.

అసలు మీడియా చదవడానికి అంత దూరం ఎందుకని మా మామయ్య గొడవ. ఆయన ఇరవై ఏళ్లుగా మండల విలేకరి. అచ్చయిన వార్తకు సెంటీమీటర్ల లెక్కన లైన్ అకౌంట్ తీసుకున్న మనిషి, దానికంటే పెట్రోలుకు ఎక్కువ ఖర్చు పెట్టిన మనిషి కూడా. "ఏంటే కోడలా, వార్త రాయడానికి అన్ని లక్షలా? నాతో నాలుగు రోజులు బండెక్కి తిరుగు, నేనే నేర్పిస్తా" అన్నాడు. నవ్వేశాను కానీ ఆ మాట రెండేళ్లూ నన్ను వదల్లేదు. అక్కడి జనానికి కూడా ఈ చదువంటే చిన్నచూపే, ఆ సంగతి తెలిశాక కొంచెం ఊరట కలిగింది. బ్రిటన్‌లో మొదటి మీడియా స్టడీస్ డిగ్రీ 1975లో లండన్‌లోని ఒక పాలిటెక్నిక్‌లో పెట్టారు, "మిక్కీ మౌస్ డిగ్రీ" అనే వెక్కిరింత ఇప్పటికీ ఇలాంటి చదువుల వెంట పడుతూనే ఉంది. సినిమాలు చూడ్డానికి కూడా మార్కులా అని.

క్లాసుల గురించి ఎక్కువ చెప్పను, చాలావరకు మర్చిపోయాను కూడా. ఒక్కటి మాత్రం మిగిలింది. స్టువర్ట్ హాల్ అని జమైకాలో పుట్టిన పెద్దాయన, బర్మింగ్‌హామ్‌లో పనిచేసేవాడు, 1973లో ఒక వ్యాసం రాశాడు. పంపేవాడు ఒక అర్థం పెట్టి పంపుతాడు, అందుకునేవాడు దాన్ని తన బతుకులోంచి చూసి ఇంకో అర్థం తీసుకోవచ్చు, పూర్తిగా ఎదురు అర్థం కూడా తీసుకోవచ్చు అని దాని సారం. మూడు వేల పదాల అసైన్‌మెంట్ రాసి 62 మార్కులు తెచ్చుకున్నాను. అది నిజంగా అర్థమైంది మాత్రం తర్వాత, లెస్టర్‌లో. అక్కడికి వస్తా.

ముందు వెతుకులాట. నా రెజ్యుమె తీసుకుని కెరీర్స్ ఆఫీసుకు వెళ్తే అక్కడి ఆవిడ పెన్ను తీసి ఫొటో కొట్టేసింది, పుట్టిన తేదీ కొట్టేసింది, తండ్రి పేరు కొట్టేసింది, పెళ్లయిందా లేదా కొట్టేసింది. కింద మన అందరి రెజ్యుమెల్లో ఉండే డిక్లరేషన్, "పైన తెలిపిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనేది, దాన్ని రెండుసార్లు చదివి "నువ్వు అబద్ధం చెప్తావని ఎవరైనా అన్నారా?" అని అడిగింది. చివరికి నా పేరు, ఒక ఈమెయిలు, సగం పేజీ మిగిలాయి. నవంబర్ నుంచి జులై దాకా 64 అప్లికేషన్లు పంపాను, ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నా కాబట్టి గుర్తు. తొమ్మిదింటికి జవాబు వచ్చింది. చాలా చోట్ల "వీసా స్పాన్సర్ చేయలేం" అన్నారు, ప్లేస్‌మెంట్‌కు స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, స్టూడెంట్ వీసా మీదే చేయొచ్చు అని ఒక పేరా రాసి పెట్టుకుని ప్రతిసారీ అతికించేదాన్ని. వెళ్లేవాళ్లు ఆ పేరా మొదటి మెయిల్లోనే పెట్టండి, రెండో మెయిలు ఎవరూ చదవరు.

ఇంకో విషయం, మీడియా వాళ్లకు మరీ ముఖ్యం. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటల పార్ట్‌టైం చేయొచ్చని అందరికీ తెలుసు, సొంతంగా పని పట్టుకోకూడదని చాలామందికి తెలీదు. ఫ్రీలాన్స్ కుదరదు, యూట్యూబ్ డబ్బులూ కుదరవు. ఈ రంగంలో చాలా పని ఫ్రీలాన్సే కదా. నాటింగ్‌హామ్‌లో ఒక తెలుగు కుటుంబం వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ షూట్ చేయమని అడిగారు, 300 పౌండ్లు ఇస్తామన్నారు. కుదరదన్నాను. "అంత పెద్ద చదువు చదువుతూ ఫొటోలు తీయడం రాదా అమ్మా?" అంది ఆవిడ. రూల్ వివరించే ఓపిక లేక, అవునండీ రాదు అనేశాను. భోజనానికి మాత్రం వెళ్లాను, గుత్తి వంకాయ బాగుంది.

జీతం సంగతీ చెప్పాలి. చదువులో భాగంగా ఏడాది లోపు చేసే ప్లేస్‌మెంట్‌కు కనీస వేతనం ఇవ్వాలని అక్కడి చట్టంలో లేదు. అందుకే "ప్రయాణ ఖర్చులు, మధ్యాహ్నం శాండ్‌విచ్" అనే ఆఫర్లు మీడియాలో బాగా తగుల్తాయి. రెండు అలాంటివి వచ్చాయి, అద్దె గుర్తొచ్చి వదిలేశాను. మూడోది లెస్టర్‌లో ఒక చిన్న చారిటీ. ఇళ్లు లేనివాళ్లకు, కరెంటు బిల్లు కట్టలేని ముసలివాళ్లకు సాయం చేసే సంస్థ. కమ్యూనికేషన్స్ టీమ్ అంటే ఒక మేనేజర్, నేను. గంటకు 10.42 పౌండ్లు, అప్పటి కనీస వేతనం అంతే, ఏప్రిల్‌లో 11.44 అయింది. నాన్నకు ఫోన్ చేస్తే ముందు రూపాయల్లోకి మార్చుకుని సంతోషపడ్డాడు, తర్వాత "చారిటీ అంటే, మనమే వాళ్లకు డబ్బులివ్వాలి కదమ్మా?" అన్నాడు.

మొదటి నెలంతా చేసింది వెబ్‌సైట్‌లో ఫొటోలకు వివరణలు రాయడం. చూపు లేనివాళ్లు ఫోన్‌తో చదివించుకుంటే వినబడే వాక్యం. దాదాపు మూడు వందల ఫొటోలు. "నవ్వుతున్న మహిళ" అని రాస్తే మేనేజర్ తిప్పి పంపేది, నవ్వు సంగతి సరే, ఆమె చేతిలో ఏముంది, ఆ ఫొటో అక్కడ ఎందుకుంది అని. తర్వాత కరపత్రాలు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు అక్కడొక లెక్క ఉంది, తొమ్మిదేళ్ల పిల్లలు చదవగలిగేట్టు రాయాలని. మా మేనేజర్ అదే పట్టుకుంది. నేనేమో అసైన్‌మెంట్ల భాషకు అలవాటు పడి ఉన్నా. మన తహసీల్దారు ఆఫీసు కాగితాల్లో "మంజూరు చేయబడినది", "తెలియజేయడమైనది" అని ఉంటుంది చూడండి, నా ఇంగ్లీషు అచ్చం అలా ఉందని నాకు అక్కడ తెలిసింది. హీటింగ్ సాయం మీద నేను రాసిన పేజీన్నర ఆవిడ చేతిలో పదకొండు వాక్యాలైంది. ఏడవలేదు గానీ టాయిలెట్‌లో కాసేపు నిలబడ్డాను.

వీడియోలకు సబ్‌టైటిల్స్ నా పనే. నిమిషానికి 160 నుంచి 180 పదాలు ఉంటే మంచిదని బీబీసీ గైడ్‌లైన్స్‌లో ఉంది, మేమూ అదే పాటించేవాళ్లం. ఒక పెద్దాయన, వాలంటీరు, కెమెరా ముందు కూర్చోగానే "ఏ అప్, మి డక్" అన్నాడు. ఆటోమేటిక్ క్యాప్షన్ దాన్ని ఏదో బాతును పైకి లేపినట్టు రాసింది. నేనూ మూడుసార్లు వెనక్కి తిప్పి విని, ఈయన నన్ను బాతు అంటున్నాడేంటి అనుకున్నా. అది ఆ ప్రాంతంలో పలకరింపట, మనం "ఏమ్మా, బాగున్నావా" అన్నట్టు. బస్ డ్రైవర్లూ అంటారు. తర్వాత ఆ మాట వినబడని రోజు ఏదో వెలితిగా ఉండేది.

ఇప్పుడు స్టువర్ట్ హాల్ సంగతి. మా చారిటీలో టీ దగ్గర ఒక గుజరాతీ ఆంటీ పనిచేసేది, బెల్‌గ్రేవ్ రోడ్డు పక్క ఇల్లు. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇడి అమీన్ ఆసియావాళ్లను 90 రోజుల్లో ఉగాండా వదిలి పొమ్మన్నప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. ఆ సెప్టెంబర్లో లెస్టర్ కౌన్సిల్ ఉగాండా ఆర్గస్ అనే పత్రికలో డబ్బులిచ్చి ప్రకటన వేయించింది: మా ఊళ్లో ఇళ్లు లేవు, బళ్లలో సీట్లు లేవు, దయచేసి రావద్దు అని. ఆంటీ చెప్పింది, "అప్పటిదాకా మా నాన్నకు లండన్ తప్ప ఇంకో ఊరు తెలీదు. ఆ ప్రకటన చూశాకే లెస్టర్ అని ఒకటుందనీ, రావద్దని అంతగా చెప్తున్నారంటే మనవాళ్లు అక్కడ చాలామంది ఉండుంటారనీ అనుకున్నాడు." వచ్చేశారు. వేలమంది వచ్చారు. ఇప్పుడు అదే బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపావళికి లైట్లు పెడితే చూడ్డానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. టీ కప్పు పట్టుకుని నేను అలాగే నిలబడిపోయా. ఈ కథ ముందే తెలిసుంటే ఆ 62 ఏ 72 అయ్యేదో.

నా తప్పు కూడా ఒకటి రాస్తాను, లేకపోతే అన్నీ బాగా చేసినట్టుంటుంది. ఫిబ్రవరిలో న్యూస్‌లెటర్. రెండు వేల చిల్లర మందికి వెళ్లాలి, ప్రతి మెయిల్లో వాళ్ల పేరు దానంతటదే పడాలి. టెస్ట్ పంపకుండా బటన్ నొక్కాను. అందరికీ "డియర్ ఫస్ట్ నేమ్" అని వెళ్లింది. చేతులు చల్లబడిపోయాయి, అప్పుడొచ్చిన టెన్షన్ 64 అప్లికేషన్లప్పుడు కూడా రాలేదు. మేనేజర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఇద్దరం కలిసి రెండు లైన్ల సారీ మెయిలు రాశాం. సాయంత్రానికి జవాబులు మొదలయ్యాయి. ఒకావిడ తన చెల్లెలికి ఒంట్లో బాగాలేదని, ఈ నెల చందా ఆలస్యమవుతుందని పెద్ద ఉత్తరం రాసి, కింద "ప్రేమతో, ఫస్ట్ నేమ్" అని సంతకం పెట్టింది. దాన్ని ప్రింట్ తీసి నా డెస్కు పైన అంటించారు, జూన్‌లో నేను వచ్చేసేదాకా అలాగే ఉంది.

మామయ్యకు నేను రాసిన మొదటి ప్రెస్ నోట్ వాట్సాప్‌లో పంపాను, స్థానిక పత్రికలో వచ్చిన క్లిప్పింగ్‌తో పాటు. ఆయనకు ఇంగ్లీషు కష్టమే, అయినా ఒక గంట కూర్చుని చదివినట్టున్నాడు. ఫోన్ చేసి, "చివర్న 'ఎండ్స్' అని ఎందుకు పెట్టావే?" అన్నాడు. అక్కడ అలా పెడతారు, అక్కడితో వార్త అయిపోయిందని పత్రికవాళ్లకు తెలియడానికి అని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. "మంచిదే. మీ డైరెక్టర్ అన్న మాటలు ఆఖరి పేరాలో పెట్టావు చూడు, అవి పేపర్లో రాలేదు. చోటు చాలకపోతే డెస్కువాళ్లు కింద నుంచే కోస్తారు. పైకి జరుపు."

రెండో ప్రెస్ నోట్‌లో పైకి జరిపాను. వచ్చాయి.