మూడు అక్షరాల సైకిల్

నేను జర్మనీలో నెకర్‌జుల్మ్ అనే ఊరికి వచ్చి నాలుగేళ్లు దాటింది. కార్ల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగం. మొదటి ఏడాదంతా నాకు ఈ ఊరంటే ఫ్యాక్టరీ గేటు, ట్రామ్ స్టాప్, అద్దె గది, అంతే. ఒకరోజు ట్రామ్ తప్పిపోయి వాన‌లో తడుస్తూ ఆఫీసుకొస్తే, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న మా సెక్షన్ పెద్దాయన సాయంత్రం వాళ్లింటికి తీసుకెళ్లి, షెడ్డులోంచి ఒక నల్ల సైకిల్ బయటికి తీశారు. "మా తాతది. వాడుకో, అమ్మేయకు" అన్నారు.

రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. హ్యాండిల్ కింద చిన్న రేకు బిళ్ల, దాని మీద అరిగిపోయిన మూడు అక్షరాలు: ఎన్, ఎస్, యు. అది కంపెనీ పేరని తెలుసు గానీ, ఈ ఊరి పేరులోంచే తీసుకున్న అక్షరాలని ఆ రోజే తెలిసింది.

మనకి దిగుడులో పెడల్ వెనక్కి తిప్పుతూ పోవడం చిన్నప్పటి అలవాటు కదా. మొదటి రోజు అలాగే తిప్పాను, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి పడ్డంత పనైంది. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది, ఆ బ్రేకంతా వెనక చక్రం మధ్యలోని హబ్‌లోనే ఉంటుంది.

ఇక్కడి పాత కోటలో టూవీలర్ల మ్యూజియం ఉంది, తర్వాత ఆదివారాల్లో అక్కడికి మూడు నాలుగుసార్లు వెళ్లాను. అసలు ఈ కంపెనీ సైకిళ్లతో మొదలవలేదు, అల్లిక మిషన్లతో మొదలైంది! 1873లో రీడ్‌లింగెన్ అనే ఊళ్లో క్రిస్టియన్ ష్మిట్, ఇంకొకాయన కలిసి పెట్టిన వర్క్‌షాప్ 1880లో ఇక్కడికి మారింది. ష్మిట్ 1884లోనే చనిపోతే, బాన్‌ట్సాఫ్ అనే ఆయన పగ్గాలు పట్టి 1886లో సైకిళ్లు మొదలుపెట్టారు. 1892కల్లా అల్లిక మిషన్లు ఆపేసి సైకిళ్ల మీదే పడ్డారు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేశారు కాబట్టి ఇది నాకు వింతగా అనిపించలేదు. సన్నటి భాగాల్ని కొలత తప్పకుండా చేసే చెయ్యికి, చేసే వస్తువు మారినా పని కొత్త కాదు. 1889లో పారిస్ ప్రదర్శనకి తొలితరం కార్ల ఇంజనీర్లు డైమ్లర్, మైబాఖ్ తీసుకెళ్లిన ఉక్కు చక్రాల మోటారు బండికి చాసిస్ (కింది చట్రం) కూడా ఈ సైకిల్ వాళ్లే చేసిచ్చారు.

1901లో మోటార్‌సైకిల్, ఆ తర్వాత ఐదేళ్లలోపే కార్లు. మధ్యలో డబ్బు ఇబ్బందులొచ్చి కార్ల ఫ్యాక్టరీ ఫియట్‌కి పోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ మోటార్‌సైకిళ్లు, మోపెడ్‌లు, లక్షల్లో. వాళ్ల ధైర్యం నాకు బాగా నచ్చేది మాత్రం వాంకెల్ ఇంజిన్ దగ్గర. పిస్టన్ పైకీ కిందకీ ఆడకుండా మూడు మూలల రోటర్ తిరిగే ఇంజిన్ అది. దాన్ని పెట్టి 1967లో ఆర్‌ఓ 80 అనే కారు తెస్తే, మరుసటి ఏడాది యూరప్‌లో ఉత్తమ కారుగా ఎంపికైంది. కానీ రోటర్ మూలల్లోని సీళ్లు త్వరగా అరిగిపోయి, వారంటీలో ఇంజిన్లకి ఇంజిన్లే మార్చాల్సి వచ్చింది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతికి వెళ్లి ఆటో యూనియన్‌తో కలిసి 'ఆడి ఎన్‌ఎస్‌యు ఆటో యూనియన్' అనే కంపెనీ అయింది. 1985లో ఆ మూడు అక్షరాలు కంపెనీ పేరులోంచి కూడా పోయాయి.

పోయిన ఏడాది మా కంపెనీలో కాంట్రాక్టులు పొడిగించడం ఆపేశారు. ఉద్యోగం పోతే వీసా సంగతేంటి, ఇంటికి పంపే డబ్బేంటి అని రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. ఇంట్లో చెప్పలేదు. పెద్దాయన గమనించినట్టున్నారు, టీ తాగుతున్నప్పుడు 1975 గురించి చెప్పారు. అప్పుడు ఇక్కడి పాత ఎన్‌ఎస్‌యు ఫ్యాక్టరీ మొత్తం మూసేస్తారన్న మాట బయటికొస్తే, ఏప్రిల్‌లో వేలమంది కార్మికులు ఇక్కణ్ణుంచి పక్కనున్న హైల్‌బ్రోన్ నగరం దాకా నడిచారట. వాళ్ల నాన్న కూడా ఉన్నారట. చాలామంది ఉద్యోగాలు పోయాయి, ఫ్యాక్టరీ మాత్రం నిలిచింది. "మా నాన్న ఉద్యోగం ఉంటుందో లేదో మాకు ఆ వేసవి దాకా తెలీదు, మా అమ్మ రోజూ అడిగేది" అన్నారు. నాకు ధైర్యం చెప్పలేదు, అంత మాత్రమే చెప్పి ఊరుకున్నారు. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి ఉన్న సంగతంతా చెప్పేశాను.

నాకు కాంట్రాక్టు ఇంకో ఏడాది ఇచ్చారు, నాతో చేరిన ఇద్దరికి ఇవ్వలేదు. వాళ్లని స్టేషన్లో దింపి వచ్చిన రోజు గదిలో కూర్చోబుద్ధి కాక, హైల్‌బ్రోన్ దాకా అదే సైకిల్ మీద వెళ్లొచ్చాను.

మొన్న వీడియో కాల్‌లో నాన్నకి సైకిల్ చూపిస్తే బిళ్లని పట్టించుకోలేదు. "ఆ వెనక హబ్ దగ్గరగా పెట్టు" అన్నారు, చాలాసేపు చూసి "లోపల రోలర్లు ఉంటాయిరా, విప్పితే గానీ తెలీదు" అన్నారు. వచ్చే ఆదివారం పెద్దాయన షెడ్డులో విప్పుతున్నాం. ఇక్కడ పొద్దున్నే మొదలుపెట్టాలి, లేకపోతే అక్కడ నాన్నకి చీకటి పడిపోతుంది.