షార్ట్‌స్టాప్ కళ్లు తుడుచుకున్న రాత్రి

అమెరికా వచ్చిన మనవాళ్లకు బేస్‌బాల్ అంటే చిన్నచూపు. ఐదు రోజుల టెస్టు మ్యాచ్‌ను రేడియోకు చెవి ఆనించి విన్నవాళ్లే, మూడు గంటల ఆటను పట్టుకుని "ఎంతసేపటికీ ఏమీ జరగదేమిటండీ?" అంటారు. నేనూ అన్నాను. నన్ను అటువైపు తిప్పింది ఆట కాదు, ఒక ఆటగాడి ఉద్యోగం. అతని పేరు విల్మర్ ఫ్లోరెస్.

అప్పట్లో మేము న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండేవాళ్లం. ఫ్లషింగ్‌లో బౌన్ వీధి గణేశుడి గుడికి వెళ్లడం, కింద క్యాంటీన్‌లో దోసె తినడం, మెయిన్ స్ట్రీట్‌లో 7వ నంబరు రైలు ఎక్కడం మా ఆదివారం కార్యక్రమం. తరువాతి స్టేషన్ దగ్గరే సిటీ ఫీల్డ్, మెట్స్ జట్టు సొంత మైదానం. ఆట ముగిసిన వేళ అక్కడ రైలు ఆగితే నీలం, నారింజ రంగుల చొక్కాల జనం పెట్టెలోకి విరగబడేవారు. నుదుట విభూతితో నేను వాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడేవాణ్ని. ఫ్లోరెస్ పేరు మొదట విన్నది ఆ జనం నోటనే, అదీ తిట్లలో. అంత నెమ్మదిగా కదిలేవాడిని షార్ట్‌స్టాప్‌లో ఎందుకు నిలబెట్టారని వాళ్ల బాధ.

వాళ్ల బాధలో న్యాయం ఉంది. మైదానంలో పరుగెత్తేవాడు వరసగా తాకవలసిన మూలలు బేస్‌లు; వాటిలో రెండో బేస్‌కు, మూడో బేస్‌కు నడుమ నిలబడేవాడు షార్ట్‌స్టాప్. బేస్‌ల దగ్గర కాపలా కాసే ఇన్‌ఫీల్డర్లలో అందరికంటే చురుగ్గా ఉండవలసినవాడు. బంతి నేలమీద దొర్లుతూ, ఒక్కోసారి మట్టి పెళ్ల తగిలి దారి మార్చుకుంటూ వస్తుంది. వంగి దాన్ని చేతి తొడుగులోకి తీసుకోవాలి, అదే ఊపులో కుడిచేతికి మార్చాలి, నిలదొక్కుకునే వ్యవధి లేకుండానే మొదటి బేస్‌కు విసరాలి. బ్యాటు పక్కన పడేసి పరుగెత్తేవాడికి ఆ 90 అడుగులు దాటడానికి నాలుగు సెకన్లు కాస్త అటూ ఇటూ పడుతుంది. అరక్షణం తడబడితే పని అయిపోయినట్టే. సరిగ్గా చేస్తే ఎవరూ గుర్తుంచుకోరు, తప్పితే తెరమీద పదిసార్లు చూపిస్తారు. ప్రొడక్షన్ సపోర్టులో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసే పనిలో ఉన్నవాళ్లకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

ఫ్లోరెస్‌ది వెనిజులాలోని వాలెన్సియా. 2007లో, 16 ఏళ్లకే మెట్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది టెన్నెసీ రాష్ట్రంలోని కింగ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో ఆడాడు. తరువాత సవానా, పోర్ట్ సెయింట్ లూసీ, బింగమ్‌టన్, లాస్ వేగాస్. ఇవన్నీ పెద్ద జట్టు కింద నడిచే చిన్న జట్ల ఊళ్లు. మన కుర్రాళ్లు తొలి ప్రాజెక్టు కోసం పేరు వినని ఊళ్లకు వెళ్లి, అద్దె గదుల్లో నలుగురైదుగురు సర్దుకున్నట్టే ఈ కుర్రాళ్లూ సర్దుకుంటారు. ఇంగ్లీషు అతనికి 'ఫ్రెండ్స్' అనే హాస్య ధారావాహిక చూస్తూ పట్టుబడింది. ఈ ఒక్క విషయంలో అతనూ, అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని విమానమెక్కిన మా తరంలో సగంమందీ ఒకే గురువు శిష్యులు.

2013 ఆగస్టు 6న, తన 22వ పుట్టినరోజు నాడు మెట్స్ ప్రధాన జట్టులో అడుగుపెట్టాడు. అప్పటికి అతనికి తెలిసిన యజమాని ఆ ఒక్క సంస్థే.

ఇక 2015 జులై 29. సిటీ ఫీల్డ్‌లో శాన్ డియేగో జట్టుతో ఆట. ఆట నడుస్తుండగానే వార్త పొక్కింది: ఫ్లోరెస్‌ను, జాక్ వీలర్ అనే బౌలర్‌ను మిల్వాకీకి ఇచ్చేసి, బదులుగా కార్లోస్ గోమెజ్‌ను తెచ్చుకుంటున్నారని. స్టాండ్లలో అందరి ఫోన్లలోకీ వార్త వచ్చేసింది. ఏడో ఇన్నింగ్స్‌లో అతను బ్యాటింగ్‌కు వస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిన్నటిదాకా తిట్టినవాళ్లే. అవి వీడ్కోలు చప్పట్లని అతనికి తెలియదు. తెలిశాక మళ్లీ మైదానంలోకి వెళ్లి తన చోట నిలబడ్డాడు. కెమెరా దగ్గరగా చూపించింది: చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటున్నాడు, మరుక్షణం మోకాళ్లు వంచి బంతి కోసం సిద్ధమవుతున్నాడు. మేనేజర్ టెర్రీ కాలిన్స్‌కు కూడా అప్పటిదాకా విషయం చెప్పినవాళ్లు లేరు. ఆట 7-3తో ఓడాక, బేరం కుదరలేదని జనరల్ మేనేజర్ ప్రకటించాడు. గోమెజ్ తుంటి విషయంలో మెట్స్‌కు అనుమానం వచ్చిందట.

మర్నాడు ఆఫీసులో అమెరికన్ సహోద్యోగులు దాన్ని వింతగా చెప్పుకున్నారు, లక్షల డాలర్ల జీతగాడు ఏడవడమేమిటని. ఆ ఏడాది కనీస వేతనమే 5,07,500 డాలర్లు, కాబట్టి వాళ్ల ఆశ్చర్యాన్ని తప్పుపట్టలేను. మా వరసలో కూర్చునే తెలుగువాళ్లం మాత్రం నవ్వలేదు. మేము పనిచేస్తున్న ప్రాజెక్టును వేరే కంపెనీకి అప్పగించారన్న సంగతి మాకంటే ముందు ఎదుటి కంపెనీవాళ్లకు తెలిసిన అనుభవం మాలో చాలామందికి ఉంది. రాత్రి ఇంటికి వెళితే మా ఆవిడ అంది: "మీ వాడిని అమ్మేశారటగా. పెట్టెలు సర్దుకున్నాడా?" అమ్మలేదు, బేరం తప్పింది అంటే, "ఇంకా నయం, అద్దె ఇంటి ఒప్పందం తెంపుకునే బాధ తప్పింది" అంది. ఇల్లు మారడమంటే అన్నిటికంటే ముందు ఆవిడకు గుర్తొచ్చేది అదే.

మాట తమాషాగా ఉన్నా, ఆవిడ లెక్క సరైనదే. బదిలీ అయిన ఆటగాడు 72 గంటల్లో కొత్త జట్టు దగ్గర హాజరు వేయించుకోవాలి. ఇంటి అద్దె, పిల్లల బడి, వైద్యుడి దగ్గర తీసుకున్న సమయాలు, ఇవన్నీ వెనక మిగిలిన భార్య సర్దుకోవాలి. సీజనులో 162 ఆటలుంటే సొంత ఊళ్లో జరిగేవి 81. మిగతా సగం హోటళ్లలో. ఫిబ్రవరిలోనే వసంత శిక్షణకు వేరే ఊరు. ఆటగాడికి బిడ్డ పుడితే మూడు రోజుల వరకు సెలవు తీసుకునే ఏర్పాటు 2011లో గానీ రాలేదు. అంతకు ముందు పురుటి సెలవు జట్టువాళ్ల దయ. విదేశీ ఆటగాళ్లు సాధారణంగా పీ-1 వీసా మీద వస్తారు, భార్యకు పీ-4. ఆ వీసా మీద ఆమె ఉద్యోగం చేయకూడదు. భర్త ఉద్యోగ వీసాకు తోడుగా ఇచ్చే హెచ్-4 మీద చదువంతా అటకెక్కించి కూర్చున్న మన ఆడవాళ్లకు ఇది తెలిసిన కథే. కొంతమంది హెచ్-4 వాళ్లకు పని అనుమతి వచ్చింది 2015 మే నెలాఖరున, ఫ్లోరెస్ ఏడ్చిన ఆ వేసవిలోనే. మా ఇంట్లో ఆ ఏడాది నిజమైన వార్త అదే.

ఇంటికి తిరిగి వెళ్లే దారిలో మాత్రం వాళ్లకూ మనకూ పోలిక లేదు. మనం డిసెంబరులో టికెట్ కొని, చాక్లెట్లు సర్దుకుని వెళ్లి వస్తాం. మనకు వీసా ముద్ర భయం ఒక్కటే. 2011 నవంబరులో వాషింగ్టన్ జట్టు క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) విల్సన్ రామోస్‌ను వాలెన్సియాలో, సొంత ఇంటి ముందే అపహరించారు. రెండు రోజులకు భద్రతా దళాలు విడిపించాయి. ఫ్లోరెస్ ఊరు కూడా అదే. సంపాదన పెరిగేకొద్దీ సొంత వీధిలో నిలబడటం ప్రమాదమైతే, ఆ డబ్బు పంపినవాడికి నిద్ర ఎలా పడుతుందో నేను ఊహించలేను.

ఇంకో తేడా కూడా చెప్పాలి, ఇది నాకు కాస్త కడుపుమంట. వాళ్లకు యూనియన్ ఉంది. కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు తనను 1969లో సెయింట్ లూయిస్ నుంచి ఫిలడెల్ఫియాకు మార్చడాన్ని ఒప్పుకోక కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడాడు, ఆట జీవితం పోయింది. కానీ పదేళ్లు ఆడి, చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడు బదిలీని కాదనవచ్చన్న నియమం ఆ మరుసటి ఏడాదే వచ్చింది. 1975 చివరి మధ్యవర్తిత్వ తీర్పుతో జట్టును ఎంచుకునే స్వేచ్ఛా వచ్చింది. చిన్న జట్ల కుర్రాళ్లు కూడా 2023లో తొలి ఒప్పందం సాధించుకున్నారు: సింగిల్-ఏ అనే కింది స్థాయిలో ఏడాదికి 11,000 డాలర్లున్న జీతం 26,200 అయింది. మన ఐటీ సభల్లో సంక్రాంతి ముగ్గుల పోటీకి ఉన్న పట్టుదల ఇలాంటి విషయానికి ఎప్పుడూ చూడలేదు.

ఫ్లోరెస్ కథలో జనం గుర్తుంచుకున్నది రెండు రోజుల తరువాతి ఆట. జులై 31న వాషింగ్టన్‌పై 12వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టి 2-1తో గెలిపించాడు, చొక్కా మీద మెట్స్ పేరును గుప్పిట పట్టుకుని చూపించాడు. ఆ ముక్క ఇప్పటికీ వేస్తుంటారు. అదే ఏడాది ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఆఖరి అవుట్ అతనిదేనన్నది ఎక్కువమంది మరచిపోయారు. అంత ప్రేమించిన జట్టే 2018 నవంబరులో కొత్త ఒప్పందం ఇవ్వకుండా వదిలేసింది. అప్పుడు చప్పట్లు లేవు, ఒక ప్రకటన అంతే. అరిజోనాలో ఒక ఏడాది ఆడి 2020లో శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు.

ఉద్యోగం మమ్మల్నీ ఆ తీరానికే తెచ్చింది. 2025 మే 16న అతను అథ్లెటిక్స్ జట్టుపై మూడు హోమ్ రన్లు కొట్టి ఎనిమిది పరుగులు తెచ్చిపెట్టాడు. నేను సంబరంగా కేకేస్తే మా ఆవిడ ల్యాప్‌టాప్ ముందు నుంచి తల తిప్పకుండానే, "ఆ ఏడ్చిన అబ్బాయేనా? ఇంకా ఉద్యోగంలో ఉన్నాడా?" అంది. అప్పటికి ఉన్నాడు. షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టడం ఎప్పుడో మానేశారు. మొదటి బేస్ దగ్గర కొన్నాళ్లు, లేదంటే ఫీల్డింగ్ లేకుండా ఒట్టి బ్యాటింగ్‌కు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.