జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి ప్రాక్టీసు సర్టిఫికెట్: నా అనుభవం

సర్టిఫికెట్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది కోనసీమ. లా చదవడం, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవడం, ఆలిండియా బార్ పరీక్ష, అన్నీ మామూలుగానే అయిపోయాయి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి చదువుకుంటూ ఉండగా 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ పోస్టుకి న్యాయవాదిగా కనీసం మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలంది. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది దాన్ని ధ్రువీకరించాలి, దాని మీద అక్కడి ప్రధాన న్యాయాధికారి సంతకం ఉండాలి. నాకు మూడేళ్లు ఎప్పుడో దాటాయి.

కాగితం పట్టుకుని మా సీనియర్ గారి దగ్గరికెళ్తే, "జడ్జీవైపోయి రేపు నాకే వాయిదాలిస్తావా ఏంటమ్మా?" అని క్లయింట్ల ముందు నవ్వారు. వాళ్లూ నవ్వారు. తర్వాత ఎప్పుడడిగినా "చూద్దాంలేమ్మా" అనేవారు. గుమాస్తా గారైతే, "మేడమ్ గారండీ, అయ్యగారు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు నేను చెప్తాను కదండీ" అనడం మొదలెట్టాడు. అయ్యగారి కేసుల డైరీ రాసేది నేను. నా మీద ఈయన దయ!

ఎలాగో సంతకం చేశారు. అసలు అవమానం కోర్టు ఆఫీసులో జరిగింది. అక్కడి ఉద్యోగి కంప్యూటర్లో కొన్ని కేసులు తిరగేసి, "మీ పేరు ఎక్కడా లేదే! అసలు మీరు ప్రాక్టీసు చేస్తున్నారా?" అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా. రోజూ పొద్దున్నే నేను ఆయన ముందు నుంచే కోర్టు హాల్లోకి వెళ్తాను! కానీ వకాలతుల్లో, అంటే క్లయింటు తన లాయరెవరో రాసిచ్చే కాగితాల్లో, అన్నిటా సీనియర్ గారి పేరే. వాయిదాలడిగేది మేము, కేసు పిలిచేదాకా నిలబడేది మేము, ఈ-కోర్ట్స్‌లో, అంటే కోర్టు కేసుల ఆన్‌లైన్ రికార్డులో, కనబడేది సీనియర్లు. ఆడపిల్లయితే మరీను. "పెళ్లయితే మానేస్తుందిలే, పేరెందుకు?" అని నా మొహం మీదే అన్నారు.

ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు పాత కట్టలు విప్పాను. సాక్షిని క్రాస్ చేసింది, అంటే ఎదురు ప్రశ్నలడిగింది ఎవరో వాంగ్మూలంలో పేరుతో సహా ఉంటుంది. ఓ కొబ్బరితోట ఇంజంక్షన్ దావాలో "దింపు తీయించిందెవరు, కూలి ఇచ్చిందెవరు?" అని నేనడిగిన దగ్గరే వాది సాక్షి తడబడ్డాడు. ఆ దావా కొట్టేశారు. ఎవరి వల్ల కొట్టేశారో సీనియర్ గారికి బాగా తెలుసు. అలాంటివన్నీ ఏరి, కాపీ అప్లికేషన్లు పెట్టి, సర్టిఫైడ్ కాపీలు తీసి ఆ ఉద్యోగి బల్ల మీద పెట్టాను. పేజీ పేజీ తిప్పాడు. మాట్లాడకుండా ఫైలు లోపలికి పంపాడు. జడ్జి గారు ఒకటి రెండు ప్రశ్నలడిగి సంతకం పెట్టేశారు.

జూనియర్లు ఎవరైనా చదువుతుంటే, వకాలతులో మీ పేరు లేకుండా చాకిరీ చేయకండి. సీనియర్ ఒప్పుకోకపోతే ఇంకో ఆఫీసు చూసుకోండి. ప్రాక్టీసు లెక్క బార్ పరీక్ష పాసైన తేదీ నుంచి అని చెప్పేవాళ్లను నమ్మొద్దు, ఆ పరీక్షకి ముందు ఇచ్చే ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ నుంచే లెక్క. జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా కలుస్తుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉన్నా, పాత ఐపీసీ గైడ్లకే కొత్త అట్టలేసి అమ్మేవాళ్లున్నారు, లోపల చూసి కొనండి.

రేపు మా ఆఫీసు నుంచి ఓ కొత్త దావా ఫైలవుతోంది. వకాలతులో సీనియర్ గారి పేరు కింద నా పేరు నేనే టైపు చేయించాను. చూశారు, ఏమీ అనలేదు.