కళ్ళలో నీళ్ళు కారుతుంటే కళ్ళు పొడిబారాయన్నారు

కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయని వెళ్తే, డాక్టర్ చూసి మీ కళ్ళు పొడిబారాయి అన్నారు. జోకేమో అనుకున్నాను. కన్నీటి పొర మీద సన్నటి నూనె పూత ఉండాలట, అది సరిగ్గా లేకపోతే తడి ఇట్టే ఆవిరైపోతుంది, ఆ మంటకి కన్ను కంగారుపడి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది, అవి చెంపల మీదికి జారిపోవడమే తప్ప కంటి మీద నిలవవు.

ఆ నూనె వచ్చేది రెప్పల అంచుల్లో ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. డాక్టర్ నా కింది రెప్పని నొక్కి స్క్రీన్ మీద చూపించారు. పల్చగా, నూనెలా రావాల్సింది టూత్‌పేస్టులా పోగులు పోగులుగా వచ్చింది. ఛీ అనిపించింది, కానీ కళ్ళు తిప్పుకోలేకపోయాను.

వేడి కాపడం పెట్టుకోమన్నారు. మూడు నెలలు పెట్టుకున్నాను, ఏమీ తగ్గలేదు. తప్పు నాదే. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ ఒకటి రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, నేనేమో దాన్ని అలాగే కళ్ళ మీద వేసుకుని పాటలు వింటూ పడుకునేదాన్ని. రెప్పలు 40 డిగ్రీల దగ్గర కాసేపు ఉంటే గానీ ఆ గడ్డకట్టిన నూనె కరగదు!

చివరికి లిపిఫ్లో అనే, రెప్పల్ని వేడి చేసి నొక్కి ఆ నూనెని బయటికి తీసే యంత్ర చికిత్స చేయించుకున్నాను. మత్తు చుక్కలు వేసి, రెప్పల కింద చిన్న కప్పులాంటిది పెడతారు. లోపలి నుంచి 42.5 డిగ్రీల వేడి, బయటి నుంచి నొక్కుతూ వదులుతూ మసాజ్, మొత్తం 12 నిమిషాలు. వేడి కనుగుడ్డుకి తగలకుండా అడ్డు ఉంటుంది. నొప్పి లేదు, ఎవరో గోరువెచ్చటి వేళ్ళతో రెప్పలు పిసుకుతున్నట్టు ఉంటుంది, అంతే. ఆ సాయంత్రం చూపు కాస్త మసకగా ఉంది. తేడా తెలియడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

ఒక్కసారి చేయించుకుంటే ఇక జీవితాంతం బాధ లేదనుకోకండి, గ్రంథులు మళ్ళీ మూసుకుపోవచ్చు. పైగా పూర్తిగా ఎండిపోయిన గ్రంథులు వేడి పెడితే తిరిగి రావు. అందుకే ముందు గ్రంథుల ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీయమని అడగండి, ఎన్ని మిగిలాయో తెలుస్తుంది.

ఇప్పుడు వేడి నిలిచే మాస్క్ కొన్నాను. ముందు మణికట్టు మీద పెట్టి చూసి, చురుక్కుమనకపోతేనే కళ్ళ మీద వేసుకుంటాను. పది నిమిషాలయ్యాక పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా నిమురుతాను. పాటలు మాత్రం అవే.