ముక్తినాథ్ నుంచి లుప్రా బాటలో

నేపాల్‌లోని ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి కదా, అక్కడ తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. మనవాళ్లు జీపులో వచ్చి, 108 ధారల కింద వణుకుతూ తల తడుపుకుని, దర్శనం కాగానే అదే జీపులో దిగిపోతారు. మేము మాత్రం అమ్మానాన్నల్ని, సామాన్లను జీపులో కింద ఉన్న జోమ్‌సోమ్ పట్నానికి పంపేసి, నేనూ బావా ఒక గైడ్‌తో లుప్రా అనే ఊరి మీదుగా నడిచాం.

కాళీగండకి లోయలోకి రోడ్డు వచ్చాక ట్రెక్కర్లు జీపుల దుమ్ము తింటూ నడవలేకపోయారు. నడక తగ్గేసరికి దారి పక్క బసలకు గిరాకీ పడిపోయింది. అలాగని రోడ్డును తిట్టడం నాకు నచ్చదు. రోగిని వీపున మోసుకుని కొండ దిగాల్సిన అవసరం మనకెప్పుడూ రాలేదు. అందుకే రోడ్డుతో పోట్లాట పెట్టుకోకుండా, దానికి దూరంగా ఊరికీ ఊరికీ మధ్య ఉన్న పాత బాటల్ని మళ్లీ నడకకు తెరవడమే నాకు తెలివైన పనిగా తోచింది.

తెరవడమంటే రిబ్బన్ కత్తిరించడం కాదు. వానలకు జారిన మట్టిని పారతో లాగాలి, రాళ్లు పేర్చి మెట్లు కట్టాలి, గుర్తులు వేయాలి. అన్నపూర్ణ పర్వతాల్ని చుట్టి వచ్చే అసలు నడక దారికి (అన్నపూర్ణ సర్క్యూట్) ఎరుపు-తెలుపు పట్టీలు, పక్క బాటలకు నీలం-తెలుపు. దిగుడులో ఒకచోట కొండచరియ విరిగి, అడుగు వెడల్పున కొత్తగా తవ్విన దారి మిగిలింది. పట్టీ వేసిన పాత బండ కింద వాగులో తలకిందులుగా పడి ఉంది. పైనున్న బండకు కొత్త పట్టీ వేశారు, రంగు కారి చారలు కట్టింది. అక్కడ దాకా కబుర్లు చెప్పిన బావ, అది దాటేదాకా నోరు విప్పలేదు!

ఇదంతా అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం. 1986లో ఘాంద్రుక్‌లో మొదలైంది, ఇప్పుడు 7,629 చదరపు కిలోమీటర్లు, నేపాల్‌లోని రక్షిత ప్రాంతాలన్నిటికన్నా పెద్దది. ఇక్కడ అడవి కోసం ఊళ్లను ఖాళీ చేయించలేదు. ఊరి కమిటీలే అడవినీ బాటల్నీ చూసుకుంటాయి. వచ్చిన మన దగ్గర తీసుకునే ఎంట్రీ ఫీజు బాటలకూ వంతెనలకూ పనికొస్తుంది.

కనుమ ఎక్కితే ఎదురుగా 8,167 మీటర్ల ధవళగిరి. ఫొటోలు మీరు చాలానే చూసుంటారు, వదిలేస్తాను. లుప్రా, టిబెట్ పాత మతమైన బోన్‌ను పాటించేవాళ్ల ఊరు, ప్రదక్షిణ మనకు ఎదురు దిక్కులో చేస్తారు. భోజనం పెట్టిన దీదీని రోడ్డు కావాలా, బాట కావాలా అని అడిగాను. రోడ్డుంటే బియ్యం చవకగా వస్తుందట, బాటుంటే మేమొస్తామట. రెండూ కావాలంది, పప్పు మళ్లీ వడ్డిస్తూ.

వెళ్లాలనుకుంటే తెల్లారకముందే బయల్దేరండి. పొద్దెక్కాక లోయలో లేచే గాలి మామూలుది కాదు. చివర ఏటి గులకరాళ్ల మీద నడిచేటప్పుడు ఇసుక ముఖాన కొడుతుంది. కళ్లజోడు, మూతికి గుడ్డ తప్పనిసరి.